క్లచ్చి ప్లేటు మార్చేముందు



వానాకాలం వచ్చిందంటే మన సాగరు ఎడమ కాలువ కింది ఊళ్ళల్లో ట్రాక్టరుకు తీరిక వుండదు. కాలువకు నీళ్ళు వదిలిన వారం పది రోజుల్లో అందరి మళ్ళూ దమ్ముకు వస్తవి. నారు ముదురుతూ వుంటుంది, కూలీలను మాట్లాడుకొని వుంటారు. సరిగ్గా అప్పుడే ట్రాక్టరు మడి మధ్య నిలబడిపోతే ఆ రైతు బాధ చెప్పనలవి కాదు. ఇట్లా నిలిచిపోయే పాత ట్రాక్టర్లలో చాలా వాటికి జబ్బు క్లచ్చి దగ్గరే వుంటుంది. కనుక క్లచ్చి చెడిందని ఎట్లా గుర్తించాలి, ఎందుకు చెడిందని ఎట్లా తెలుసుకోవాలి, మరమ్మతులో ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి అన్న సంగతులు ఈవేళ ముచ్చటించుకొందాం.

మొదట ఒక అనుభవం చెప్తాను. రెండేళ్ళ కిందట నేను పనిచేసే మండలంలో ఒక పెద్దాయన నన్ను గట్టుమీద ఆపి, "సారూ, పది రోజుల కిందనే కొత్త ప్లేటు ఏయించిన. మళ్ళ జారుతున్నది. ప్లేటు నకిలీది ఇచ్చిండేమో సూడు" అన్నాడు. ఆయన ట్రాక్టరు ముప్పై ఏళ్ళు దాటినది. రెండెకరాలు దమ్ము చేసేసరికి కాలిన వాసన, ఇంజను అరుపేగాని బండి నడక లేదు. "పెద్దయ్యా, ప్లేటు సంగతి తరవాత. ముందు బండి కిందికి వంగి చూద్దాం" అన్నాను. అక్కడ ఏమి కనిపించిందో, ఆ ప్లేటు ఎందుకు పోయిందో కాసేపట్లో చెప్తాను. దానికి ముందు క్లచ్చి అంటే ఏమిటో తెలియాలి.

ఎద్దుల బండి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఎద్దులు, బండి, రెండింటినీ కలిపే కాడి. కాడి దించితే ఎద్దులు మెదులుతున్నా బండి కదలదు. ట్రాక్టరులో ఇంజను ఎద్దులవంటిది, గేరుబాక్సూ చక్రాలూ బండివంటివి. ఈ రెండింటినీ కలిపి విడదీసే కాడే క్లచ్చి. ఇంజను వెనుక ఫ్లైవీలు అనే బరువైన ఇనుప చక్రం తిరుగుతూ వుంటుంది. దానికి ఆనుకొని క్లచ్చి ప్లేటు, ప్లేటు వెనుక ప్రెషర్ ప్లేటు వుంటవి. గట్టి స్ప్రింగులు ప్రెషర్ ప్లేటును ముందుకు నెట్టి, క్లచ్చి ప్లేటును ఫ్లైవీలుకు అదిమి పట్టుకుంటవి. రెండు అరచేతుల మధ్య పళ్ళెం బిగించి పట్టుకొన్నట్లన్నమాట. ఆ పట్టు వున్నంతసేపు ఇంజనుతోపాటు ప్లేటూ తిరుగుతుంది, బండి నడుస్తుంది. మనం పెడలు తొక్కినప్పుడు రిలీజ్ బేరింగు ముందుకు జరిగి, ఫింగర్లు అనే చిన్న మీటలను నొక్కుతుంది. ఆ మీటలు ప్రెషర్ ప్లేటును వెనుకకు లాగుతవి. పట్టు వదులుతుంది. ఇంతే క్లచ్చి పని.

మాసీ ఫెర్గూసన్ 35 తరహా కొన్ని ట్రాక్టర్లలో రెండు ప్లేట్లు వుంటవి. పెడలు సగం తొక్కితే బండి నిలుస్తుంది. పూర్తిగా తొక్కితే వెనుక పి.టి.ఓ. షాఫ్టు, దానితోపాటు లిఫ్టు పంపు కూడా ఆగుతవి. అటువంటి బండిలో నడక బాగానే వుండి, రోటవేటరు మాత్రం బరువుకు మందగిస్తే రెండవ ప్లేటును అనుమానించాలి. మీ బండిలో ఒక ప్లేటా, రెండు ప్లేట్లా అన్న సంగతి ముందుగా తెలుసుకొని పెట్టుకోండి. సామాను కొనేటప్పుడూ ఇది అవసరమే.

మన దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాదులో ఐషర్ బండితో మొదలైంది. 1960లో మద్రాసులో టాఫే సంస్థ ఏర్పడి మాసీ ఫెర్గూసన్ బండ్లను చేసింది. 1963లో ఏర్పడిన ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ నుంచి బి-275, 1971 నుంచి పింజోరులోని హెచ్.ఎం.టి. కర్మాగారం నుంచి జీటరు నమూనా బండ్లు వచ్చినవి. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని 2016లో నిర్ణయం జరిగింది. అటువంటి బండ్లకు సామాను బయటి తయారీదార్లదే దిక్కు. కనుక ప్లేటు కొనడానికి వెళ్ళేటప్పుడు పాత ప్లేటు వెంట తీసుకువెళ్ళి, వెడల్పు, మధ్యనున్న పళ్ళ సంఖ్య సరిపోల్చుకోవడం మంచిది. నోటిమాటమీద ప్లేటు కొనవద్దు.

ఇక జబ్బు గుర్తించే విషయం. క్లచ్చి చెప్పే ఫిర్యాదులు ముఖ్యంగా మూడు. ఒకటి జారడం, అంటే పట్టు నిలవకపోవడం. రెండు విడవకపోవడం, అంటే పెడలు తొక్కినా బండి లాగుతూనే వుండడం. మూడు చప్పుడు, అదురు. ఈ మూడింటిలో ఏదైనా సరే, మొదట చూడవలసింది పెడలు ఖాళీ.

పెడలు ఖాళీ అంటే ఏమిటి? పెడలును చేత్తో మెల్లగా నొక్కండి. మొదట కొంతదూరం తేలికగా పోతుంది, ఆ తరవాత గట్టిగా తగులుతుంది. ఆ తేలికగా పోయిన దూరమే ఖాళీ. పాత ట్రాక్టర్లలో ఎక్కువవాటికి ఇది సుమారు 20 నుంచి 30 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అంగుళం వుంటుంది. మీ బండికి సరియైన కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో వుంటుంది. ప్లేటు అరిగేకొద్దీ ఫింగర్లు వెనుకకు జరిగి రిలీజ్ బేరింగుకు దగ్గరవుతవి. కనుక ఖాళీ దానంతటదే తగ్గుతూ వస్తుంది. ఖాళీ బొత్తిగా లేకపోతే బేరింగు ఫింగర్లను ఎప్పుడూ నొక్కుతూనే వుంటుంది. మీరు తొక్కకపోయినా క్లచ్చి సగం తొక్కినట్లే. ప్లేటు జారుతుంది, కాలుతుంది, బేరింగు కూడా పాడవుతుంది. ఖాళీ మరీ ఎక్కువైతే పెడలు అడుగంటినా పట్టు పూర్తిగా వదలదు.

ఈ ఖాళీ సవరించడానికి బండి విప్పనక్కరలేదు. ఇంజను ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టండి. పెడలు నుంచి గేరుబాక్సు పక్కనున్న చేతికి ఒక కడ్డీ వెళుతుంది. దాని చివర మరలూ, బిగింపు నట్టూ వుంటవి. నట్టు వదులు చేసి, కడ్డీని ఒకటి రెండు చుట్లు తిప్పి, మళ్ళీ పెడలు చేత్తో నొక్కి చూడండి. సరిపోయిన తరవాత నట్టు బిగించండి. ఆ కడ్డీకున్న పిన్నులు, వాటి రంధ్రాలు కూడా చూడండి. అవి అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చి వుంటే ఎంత సవరించినా నిలవదు. ముందు పిన్నులు మార్చాలి. పెడలు సవరించడంతోనే దారికి వచ్చిన బండ్లను నేను చాలా చూశాను. కనుక ఖాళీ చూడకుండా బండి విప్పనివ్వకండి.

ఖాళీ సరిగానే వున్నది, అయినా బండి లాగడం లేదు. అప్పుడు జారుతున్నది క్లచ్చేనా అని నిర్ధారించుకోవాలి. ఇది తేలికే. దమ్ములో బరువు పడ్డప్పుడు ఇంజను వేగం పెరిగి, చక్రాలు తిరగకపోతే క్లచ్చి జారుతున్నట్లు. ఇంజను పరుగెత్తి, చక్రాలు బురదలో గిరగిర తిరుగుతూ వుంటే క్లచ్చి బాగానే పట్టుకొన్నట్లు. పట్టు లేనిది నేలకు. దానికి దమ్ము చక్రాలో, బరువో కావాలి. ఇంజనే మూలుగుతూ, నల్లపొగ పోస్తూ వేగం తగ్గిందంటే మోయలేని బరువు వేసినట్లో, ఇంజనులో సత్తువ లేనట్లో. ఈ మూడూ వేరువేరు జబ్బులు. మందులూ వేరే.

ఇంకా అనుమానం వుంటే ఒక పరీక్ష చెయ్యవచ్చు. ముందూ వెనుకా మనుషులు లేని చదునైన చోట బండి నిలిపి, రెండు బ్రేకులూ కలిపి గట్టిగా తొక్కిపట్టి, పెద్ద గేరు వేసి, క్లచ్చి మెల్లగా వదలండి. పట్టు వున్న క్లచ్చి అయితే ఇంజను వెంటనే ఆగిపోతుంది. ఇంజను ఆగకుండా తిరుగుతూనే వుంటే క్లచ్చి జారుతున్నట్లే. ఈ పరీక్ష ఒక్కసారే చెయ్యాలి. పదే పదే చేస్తే పరీక్షే ప్లేటును కాల్చివేస్తుంది.

జారడానికి కారణాలు నాలుగు. పెడలు ఖాళీ లేకపోవడం, ప్లేటు అరిగిపోవడం, స్ప్రింగులు మెత్తబడడం, ప్లేటుమీద నూనె పడడం. ఈ నాలుగోదే నేను మొదట చెప్పిన పెద్దాయన బండికి పట్టిన పీడ.

క్లచ్చి వుండే పెట్టె అడుగున చాలా బండ్లలో ఒక చిన్న రంధ్రం వుంటుంది. కొన్నింటిలో అది మూసుకుపోకుండా ఒక స్ప్లిట్ పిన్ను వేలాడుతూ వుంటుంది. లోపల నూనె కారినా, నీళ్ళు చేరినా బయటికి పోవడానికే ఆ రంధ్రం. పెద్దాయన బండికి అది ఎండిన బురదతో మూసుకొనిపోయి వున్నది. పుల్లతో పొడిచేసరికి నల్లటి నూనె బొట్లు బొట్లుగా కారింది. వేళ్ళమధ్య రుద్దితే పలుచగా, నల్లగా వున్నది. అది ఇంజను నూనె. అంటే ఇంజను వెనుక ఆయిల్ సీలు పోయింది. కారిన నూనె కొత్త ప్లేటును పది రోజుల్లో తడిపివేసింది. దుకాణదారు ఇచ్చిన ప్లేటులో దోషం లేదు. బండి విప్పినప్పుడు సీలు చూడకపోవడం దోషం. మళ్ళీ విప్పవలసి వచ్చింది, ఇంకొక ప్లేటు కొనవలసి వచ్చింది. దమ్ముకు వేరే బండి కిరాయికి పిలవవలసి వచ్చింది. తక్కువ ఖరీదు సీలుకోసం ఆ పెద్దాయన రెండు ప్లేట్ల డబ్బు, రెండుసార్ల కూలి, దానిమీద కిరాయి పెట్టుకొన్నాడు.

మీ బండి రంధ్రం నుంచి కారేది చిక్కగా, ఘాటైన వాసనతో వుంటే అది గేరు నూనె. అప్పుడు గేరుబాక్సు ముందుభాగాన వున్న సీలు పోయినట్లు. నూనె తడిసిన ప్లేటును పెట్రోలుతో కడిగి వాడుకొందామని కొందరు చూస్తారు. లోపలికి ఇంకిన నూనె వేడికి మళ్ళీ బయటికి వస్తుంది. అది రెండురోజుల ముచ్చటే.

రెండవ ఫిర్యాదు, క్లచ్చి విడవకపోవడం. పెడలు పూర్తిగా తొక్కినా గేరు వేసేటప్పుడు కర్రుమని అరుస్తుంది. బండి ముందుకు పాకుతుంది. పెడలు ఖాళీ ఎక్కువ కావడం, ప్లేటు వంకరపోవడం, ఫింగర్లు ఒకటి ఎత్తుగా ఒకటి పల్లంగా వుండడం, ప్లేటు జరగవలసిన షాఫ్టు పళ్ళు తుప్పుపట్టడం, ఫ్లైవీలు మధ్యనున్న పైలట్ బేరింగు బిగుసుకుపోవడం, ఇవీ కారణాలు. వీటిలో ఖాళీ ఒక్కటే పైనుంచి సవరించగలిగింది.

నెలల తరబడి కొట్టంలో నిలిపిన బండికి ఇంకొక చిక్కు వస్తుంది. తేమకు ప్లేటు ఫ్లైవీలుకు అంటుకుపోతుంది. అప్పుడు గేరులో వుంచి స్టార్టు కొట్టి ఊడదీద్దామని ఎవరూ ప్రయత్నించవద్దు. బండి ఒక్కసారిగా దూకుతుంది. ఎదుట మనిషో, గోడో వుంటే ప్రాణం పోతుంది. గేరు న్యూట్రల్లో పెట్టి, పెడలు తొక్కి కర్రతో ఆపుపెట్టి ఒక రాత్రి వుంచండి. మరునాడు న్యూట్రల్లోనే ఇంజను నడిపి వేడెక్కించండి. చాలావరకు విడిపోతుంది. విడవకపోతే మేస్త్రిని పిలవండి. అసలు బండి ఎక్కువకాలం నిలిపేటప్పుడే పెడలు నొక్కి వుండేటట్లు కర్ర ఆపు పెట్టిపోతే ఈ చిక్కే రాదు.

మూడవది చప్పుడు. బండి న్యూట్రల్లో పెట్టి ఇంజను నడుపుతూ చెవి పెట్టి వినండి. పెడలు కొద్దిగా తొక్కగానే గీరుడు మొదలైతే రిలీజ్ బేరింగు. పూర్తిగా తొక్కినప్పుడే వినిపిస్తే పైలట్ బేరింగును కూడా అనుమానించాలి. తొక్కనప్పుడు వుండి, తొక్కగానే ఆగిపోతే అది గేరుబాక్సు ముందు బేరింగు అయివుండవచ్చు. ఇక బండి కదిలేటప్పుడు గడగడ అదిరితే ప్లేటుమీద నూనె, ఎత్తుపల్లపు ఫింగర్లు, ప్లేటు నడుమ విరిగిన స్ప్రింగులు కారణం కావచ్చు. అన్నింటికంటె ముందు ఇంజనుకు, గేరుబాక్సుకు నడుమ బోల్టులు వదులైనవేమో చూసుకోవాలి.

ఇన్ని చూసిన తరవాత బండి విప్పక తప్పదని తేలితే, అప్పుడు విప్పించండి. ట్రాక్టరును నడుమకు రెండు ముక్కలుగా విడదీస్తేగాని క్లచ్చి కనిపించదు. ఇది గట్టుమీద చేసే పని కాదు. గట్టినేల కావాలి, తెలిసిన మేస్త్రి కావాలి. అయినా రైతు దగ్గర నిలబడి ఈ సంగతులు చూసుకోవాలి. మొదట బ్యాటరీ తీగ తియ్యాలి. వెనుక చక్రాలకు ఆపులు పెట్టాలి. ముందు ఇరుసుకూ, ఇంజనుకూ మధ్య రెండువైపులా ఏటవాలుగా చెక్కిన కర్రముక్కలు దిగగొట్టాలి. అవి లేకపోతే విడదీయగానే ఇంజను పక్కకు ఒరుగుతుంది. రెండు ముక్కల కిందా గట్టి స్టాండ్లు వుండాలి. జాకీ ఎత్తడానికే, జాకీమీద నిలిపిన బండి కిందికి చెయ్యి పెట్టవద్దు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. పాత క్లచ్చి ప్లేట్ల పూతలో ఆస్బెస్టాస్ అనే రాతినార వాడేవారు. దాని దుమ్ము ఊపిరితిత్తులలో చేరితే ఏళ్ళ తరవాత కూడా ప్రాణాంతకమైన జబ్బులు తెస్తుంది. కనుక క్లచ్చి పెట్టెలోని దుమ్మును గాలికొట్టి ఊదవద్దు, పొడి గుడ్డతో దులపవద్దు. ముక్కుకు మంచి మాస్కు కట్టుకొని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పారవెయ్యండి. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వవద్దు.

బండి విప్పినప్పుడు ఒక్క ప్లేటే చూసి ఊరుకోవద్దు. పూత అరిగి రివెట్ల తలలు పైకి అందుతుంటే ప్లేటు మార్చాలి. ఫ్లైవీలుమీద నీలి మచ్చలు, సన్న పగుళ్ళు, గాడులు వున్నవేమో చూడాలి. గాడులు వుంటే లేతు పనివారిచేత చదును చేయించాలి. లోతైన పగులు వుంటే మార్చాలి. ప్రెషర్ ప్లేటు స్ప్రింగులలో ఒకటి పొట్టిగానో, నీలంగానో వుంటే అది వేడికి చచ్చినట్లే. ఆ స్ప్రింగులు గట్టి ఒత్తిడిలో వుంటవి. ప్రెస్సు లేకుండా విప్పితే ఎగిరి మొహాన తగులుతవి. రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు, వెనుకా ముందూ సీళ్ళు, వీటన్నిటినీ ఈ అదనులోనే చూడాలి. మళ్ళీ విప్పే కూలితో పోలిస్తే సీలు ఖరీదు ఎంత? మూతవేసివున్న రిలీజ్ బేరింగును కిరసనాయిలులో కడగవద్దు, లోపలి గ్రీజు కరిగిపోతుంది.

బిగించేటప్పుడు ప్లేటు ఏ ముఖం ఎటు వుండాలో తీసేముందే గుర్తుపెట్టుకోవాలి. తిరగేసి పెడితే క్లచ్చి పనిచెయ్యదు. ప్లేటును నట్టనడుమ నిలపడానికి పాత షాఫ్టు ముక్కనుగాని, దానికై చేసిన కడ్డీనిగాని వాడాలి. లేకపోతే రెండు ముక్కలూ కలవవు. కలవడం లేదని బోల్టులతో లాగి బిగిస్తే ప్లేటు నడిమి భాగం వంగుతుంది. బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. ఫింగర్లన్నీ ఒకే ఎత్తులో వున్నవని కొలిచి చూడాలి. షాఫ్టు పళ్ళకు గ్రీజు పూతగా రాస్తే చాలు, ఎక్కువైతే ప్లేటుమీదికి చిమ్ముతుంది. అంతా అయిన తరవాత పెడలు ఖాళీ మళ్ళీ సరిచెయ్యాలి. కొత్త ప్లేటుకు మొదటి రెండు మూడు రోజులు తేలిక పని చెప్పి, తరవాత ఖాళీని మరొకసారి చూసుకోవాలి.

చివరగా నడిపేవారికి ఒక మాట. పెడలుమీద పాదం ఆనించి నడపడం ప్లేటుకు శత్రువు. సగం తొక్కి, సగం వదిలి బండిని ఎత్తుమీద నిలపడం కూడా అంతే. బరువు ట్రాలీతో పల్లానికి దిగేటప్పుడు క్లచ్చి తొక్కితే ఇంజను పట్టు పోయి, ట్రాలీ వెనుకనుంచి తోసుకువస్తుంది. పైనే చిన్న గేరు వేసుకొని దిగాలి. బండి బురదలో దిగబడితే ఇంజను పెంచి క్లచ్చిని టక్కున వదలవద్దు. చక్రం కదలక, ముందుభాగం పైకి లేచి, బండి డ్రైవరుమీదికే వెనుకకు తిరగబడుతుంది. ప్లేటు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు, మనిషి పోతే తిరిగి రాడు. దిగబడ్డ బండిని ఇంకొక బండితో, దూరాన మనుషులను నిలిపి, మెల్లగా లాగించండి. దమ్ము పని అయిన రోజు సాయంత్రం పెట్టె కింది రంధ్రం పుల్లతో శుభ్రం చెయ్యండి. నీరు, నూనె ఏది కారినా కనపడుతుంది.

గ్రామాల్లో పనిచేసే తోటి విస్తరణ కార్యకర్తలకు నా మనవి ఒక్కటే. విత్తనశుద్ధి చూపించినట్లే, మే నెలలో ఒకరోజు ఊరి ట్రాక్టర్లన్నిటినీ రచ్చబండ దగ్గర నిలిపించి, పెడలు ఖాళీ కొలిచి చూపించండి. దానికి కావలసింది ఒక స్కేలు, ఒక స్పానరు, అరగంట ఓపిక.

మా పెద్దాయన బండి సంగతి మీరు అడుగుతారని తెలుసు. సీలు మార్పించాడు. ఆ తరవాత రెండు వానాకాలాలు, రెండు యాసంగులు దమ్ము చేసింది. మొన్న కనపడ్డప్పుడు, "ప్లేటు మంచిదే సారూ, నేనే దానిమీద నింద ఏసిన" అన్నాడు. బండి కిందికి వంగి, రంధ్రాన్ని పుల్లతో పొడిచి చూపించాడు. పొడిగా వున్నది.